బాబు యూరిన్ స్క్రీనింగ్‌లో మిథైల్‌మలోనిక్ యాసిడ్ ఎక్కువ వచ్చింది, మడమ రక్తం టెస్ట్ కూడా చేయించాలా?

తెనాలి అమ్మాయి

అందరికీ నమస్కారం. మా బాబుకి ఇంకా నెల నిండలేదు. మొదటి కాన్పు, పుట్టింట్లోనే ఉన్నాను. డిశ్చార్జ్ అయ్యే రోజు ఆసుపత్రిలో ఒకావిడ వచ్చి, పుట్టిన పిల్లలకి ఒక యూరిన్ టెస్ట్ ఉంది, సూది గుచ్చక్కర్లేదు, ఒక కాగితం ముక్క ఇస్తాం, దాన్ని బాబు ఒంటేలుతో తడిపి ఆరబెట్టి ఇచ్చేస్తే చాలు, వందకి పైగా జబ్బులు ముందే తెలిసిపోతాయి అని చెప్పింది. రేటు ఎక్కువే అనిపించింది కానీ మాది మేనరికం, మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు, ఆ మాట మనసులో ఉండి సరే అన్నాం. మడమ దగ్గర రక్తం తీసి చేసే టెస్ట్ కూడా ఉంటుందట కదా అని అడిగితే, యూరిన్‌లో అన్నీ వచ్చేస్తాయి, చిన్నపిల్లాడిని మళ్ళీ గుచ్చడం ఎందుకు అన్నారు. దాంతో అది చేయించలేదు.

నిన్న రిపోర్ట్ వచ్చింది. పేజీలు పేజీలు ఉంది, అన్నీ నార్మల్, ఒక్క చోట మాత్రం మిథైల్‌మలోనిక్ యాసిడ్ స్వల్పంగా పెరిగింది, రక్త పరీక్షతో నిర్ధారించుకోవాలి అని ఉంది. ఆ పేరు పెట్టి నెట్‌లో వెతికాక ఇంక నిద్ర లేదు. కోమా అని, కిడ్నీలు పోతాయని, ఏవేవో ఉన్నాయి. బాబు చూస్తే బాగానే ఉన్నాడు, నా పాలే తాగుతున్నాడు, బరువు పెరిగాడు, వాంతులు లేవు, బాగా ఏడుస్తాడు కూడా. మా నాయనమ్మ బంగారంలా ఉన్నవాడికి ఈ పరీక్షలేంటే అని తిడుతోంది, మా ఆయనేమో రేపే హైదరాబాద్ వెళ్దాం అంటున్నాడు. ఇంకొక బంధువు, పాలల్లో ఉండే ప్రోటీన్ వల్లే ఇది వస్తుందట, నీ పాలు ఆపేసి చూడు అంటోంది.

మేము పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇది దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు, అన్నీ చెప్పాలి కదా అని చెప్తున్నా. స్వల్పంగా అంటే జబ్బు ఉన్నట్టేనా? పాలు ఆపాలా? మడమ రక్తం ఇప్పుడు చేయించినా ఉపయోగం ఉంటుందా, టైమ్ దాటిపోయిందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మెటబాలిక్ ల్యాబ్, హైదరాబాద్

ముందు ఒక మాట, పాలు ఆపకండి. పిల్లల డాక్టర్ చూసి చెప్తే తప్ప ఎవరు చెప్పినా ఆపకండి. నేను డాక్టర్‌ని కాదు, ఇలాంటి శాంపిళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో బయోకెమిస్ట్‌గా పనిచేస్తాను, కాబట్టి రిపోర్ట్ గురించి నాకు తెలిసింది చెప్తాను, వైద్యం మీ డాక్టర్ చూసుకోవాలి.

మీరు శాకాహారులం అని చివర్లో రాశారే, నేను మొదట అడగాలనుకున్నది అదే. మనం తిన్న ప్రోటీన్‌లోని కొన్ని అమైనో ఆమ్లాలు, కొన్ని కొవ్వులు ఒంట్లో విరిగే దారిలో మిథైల్‌మలోనిక్ దగ్గర ఒక మెట్టు ఉంటుంది. అది దాటాలంటే ఒక ఎంజైమ్ కావాలి, ఆ ఎంజైమ్ పనిచేయాలంటే విటమిన్ బి12 కావాలి. జన్యులోపం వల్ల ఎంజైమ్ లేకపోయినా ఈ యాసిడ్ పేరుకుని మూత్రంలోకి వస్తుంది, ఎంజైమ్ శుభ్రంగా ఉండి బి12 చాలకపోయినా అదే యాసిడ్ వస్తుంది. మెషీన్‌కి ఈ రెండింటికీ తేడా తెలీదు, అది యాసిడ్‌ని కొలుస్తుంది అంతే. పుట్టేటప్పుడు బిడ్డ దగ్గరున్న బి12 అంతా తల్లి ఇచ్చిందే, ఆ తర్వాత తల్లి పాలే ఆధారం. మాంసం, చేప, గుడ్డు లేకుండా, పాలు పెరుగు కూడా తక్కువగా తీసుకునే తల్లులకి బి12 తక్కువ ఉండటం మన దగ్గర చాలా మామూలు. గర్భంతో ఉన్నప్పుడు ఐరన్ మాత్రలు వేసుకున్నాం కదా అంటారు చాలామంది, గవర్నమెంట్ వాళ్ళిచ్చే మాత్రలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బి12 ఉండదు.

తీవ్రమైన జన్యులోపంలో ఈ యాసిడ్ మామూలు కంటే వందల రెట్లు, వేల రెట్లు కనిపిస్తుంది. స్వల్పంగా అన్నారంటే బి12 లోపం వైపే ఎక్కువ అనుమానం. అలా అని వదిలేయడానికి లేదు, ఎందుకంటే బి12ని ఒంట్లో వాడుకునే దారిలో వచ్చే కొన్ని జన్యులోపాలు కూడా మొదట్లో ఇలా స్వల్పంగానే కనిపించవచ్చు, పైగా మీది దగ్గరి మేనరికం. కాబట్టి మీ పిల్లల డాక్టర్‌ని ఈ రక్త పరీక్షల గురించి అడగండి: బాబుకి బి12, హోమోసిస్టీన్ (బి12 చాలకపోతే రక్తంలో ఇదీ పెరుగుతుంది), టాండెమ్ మాస్ అనే పరీక్ష (ఒకే శాంపిల్‌లో చాలా పదార్థాలు కొలుస్తుంది, దాంట్లో సీ3 అనే అంకె ఈ దారికి సంబంధించింది), అమ్మోనియా, బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆమ్లం పెరిగిందేమో చూసేది). మీకు కూడా బి12 చూడాలి, అది మర్చిపోతారు చాలామంది. బాబు బాగున్నంత వరకు శాంపిల్ ఇచ్చాకే బి12 మొదలుపెట్టడం మంచిది, ముందే ఇచ్చేస్తే తర్వాత వచ్చే అంకెలు దేన్ని చెప్తున్నాయో తేల్చుకోలేం. అమ్మోనియా శాంపిల్ ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కి పోవాలి, కాబట్టి ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలోనే ఇవ్వండి, ఇంటికి వచ్చి తీసుకెళ్ళేవాళ్ళకి ఇవ్వకండి. లేటయితే లేని అమ్మోనియా కూడా ఎక్కువ చూపిస్తుంది, అది చూసి మీకు ఇంకో టెన్షన్.

ఇక మడమ రక్తం సంగతి. యూరిన్‌లో అన్నీ వచ్చేస్తాయి అన్న మాట తప్పు, ఇది గట్టిగా చెప్తున్నా. మూత్రంలో మేం చూసేది కిడ్నీలు బయటికి తోసేసిన ఆమ్లాలు, చక్కెరలు, అలాంటి చిన్న చిన్న పదార్థాలు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం అందులో కనపడదు, దానికి రక్తంలో టీఎస్‌హెచ్ అనే హార్మోన్ చూడాలి. అడ్రినల్ గ్రంథి లోపం కనపడదు, ఎర్ర రక్తకణాలకి కావాల్సిన జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం కనపడదు, సికిల్ సెల్, తలసీమియా కనపడవు. బయోటినిడేజ్ అనే ఎంజైమ్‌ని రక్తంలోనే కొలవాలి. కొవ్వు ఆమ్లాలు ఒంట్లో విరగని కొన్ని లోపాల్లో బిడ్డ కడుపునిండా తాగి హాయిగా ఉన్నప్పుడు యూరిన్ నార్మల్‌గా వచ్చేస్తుంది, జ్వరం వచ్చి పాలు మానేసిన రోజునే బయటపడుతుంది, అదే రక్తంలో ముందే పట్టుకోవచ్చు. 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పసిపిల్లల రక్తం పరీక్షిస్తే థైరాయిడ్ లోపమే అన్నిటికంటే ఎక్కువ కనిపించింది, సుమారు 1,700 మందిలో ఒకరికి. రోజుకొక చిన్న మాత్ర తల్లి పాలల్లో కలిపి పోస్తే బుద్ధి మాంద్యం రాకుండా ఆగిపోయే జబ్బు అది. వంద జబ్బుల లిస్ట్ చేతికిచ్చి ఇది లేని పరీక్ష అమ్మితే నాకు బాధగా ఉంటుంది.

టైమ్ దాటిపోలేదు. మడమ రక్తం మామూలుగా పుట్టిన రెండో మూడో రోజు తీస్తారు, ఇప్పుడైతే చేతి నరం నుంచి తీసి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేస్తారు, మిగతావి కూడా చేయొచ్చు. రేపే చేయించండి.

రిటైర్డ్ బయోకెమిస్ట్రీ మాస్టారు

అమ్మా, పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మెడికల్ కాలేజీలో ఏళ్ళ తరబడి పిల్లలకి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెప్పినవాణ్ణి, ఈ యూరిన్ పరీక్షల వెనక ఉన్న కథ కొంచెం చెప్తాను, మీ భయం కాస్త తగ్గుతుందని.

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నారు, తర్వాత బుద్ధి ఎదగలేదు, పిల్లల దగ్గర ఏదో ముక్కిపోయిన వాసన వస్తోందని ఆవిడ ఎంతమంది డాక్టర్లకి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఫోలింగ్ వాళ్ళ మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేశాడు. మామూలుగా ఆ పరీక్ష కీటోన్ల కోసం, ఉంటే ఎర్రటి గోధుమ రంగు రావాలి. ఇక్కడ ఆకుపచ్చ వచ్చింది. అప్పుడాయన ఏం చేశాడో చూడండి, ఇది జబ్బు అని వెంటనే చెప్పలేదు, ఆస్పిరిన్ లాంటి మందులు కూడా దానితో రంగునిస్తాయి కాబట్టి ఒక వారం మందులన్నీ ఆపించి మళ్ళీ మూత్రం తెప్పించుకుని చూశాడు. మళ్ళీ ఆకుపచ్చే. అప్పుడు ఆ పదార్థాన్ని వేరుచేసి ఫినైల్‌పైరువిక్ ఆమ్లం అని తేల్చాడు. తర్వాత ఆశ్రమాల్లో ఉన్న 430 మంది మూత్రం పరీక్షిస్తే ఇంకో ఎనిమిది మంది దొరికారు. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లో విరగని ఆ జబ్బునే ఇప్పుడు పీకేయూ అంటున్నాం.

అంటే పసిపిల్లల జీవక్రియ లోపాల చరిత్రలో మూత్రానికి చాలా పెద్ద చోటు ఉంది. అంతకు ముందే, 1902లో ఇంగ్లండ్‌లో ఆర్చిబాల్డ్ గ్యారడ్ మూత్రం గాలికి నల్లబడే ఆల్కాప్టన్యూరియా గురించి రాస్తూ, అది దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల్లో ఎక్కువ ఉందని గుర్తించాడు. మన మేనరికాల సంగతి అక్కడి నుంచే మొదలు.

కానీ ఆ తర్వాత జరిగింది ముఖ్యం. 1957లో అమెరికాలో సెంటర్‌వాల్ అనే డాక్టర్ తడిసిన డైపర్ మీదే ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసే పద్ధతి పెట్టాడు. చాలా సులువు, ఖర్చు లేదు. లోపం ఎక్కడంటే, పుట్టేవరకు తల్లి రక్తమే బిడ్డ రక్తాన్ని శుభ్రం చేస్తుంది, పాలు తాగడం మొదలయ్యాక ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుంటుంది, అది బాగా పెరిగి మూత్రంలో రంగు వచ్చేసరికి వారాలు పడుతుంది. ఈలోపే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే రాబర్ట్ గత్రీ మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం కాగితం మీద ఆరబెట్టి చూసే పద్ధతి తెచ్చాక, 1962లో మసాచుసెట్స్‌లో మొదలై, ప్రపంచమంతా రక్తం వైపు మళ్ళింది. ఇప్పటి యూరిన్ పరీక్ష ఆ చుక్కల పరీక్ష కాదు, గ్యాస్ క్రొమాటోగ్రఫీ మాస్ స్పెక్ట్రోమెట్రీ అని చాలా సూక్ష్మమైనది, దాని గొప్పతనాన్ని తగ్గించను. కానీ రక్తంలో ముందు పెరిగి మూత్రంలోకి తర్వాత వచ్చేవి ఇప్పటికీ అలాగే వస్తాయి కదా.

ఫోలింగ్ రెండోసారి తెప్పించుకున్నట్టే మీరూ రెండోసారి చూపించుకోండి. మొదటి రంగు చూసి భయపడి పడుకోవద్దు తల్లీ.

పాప వాళ్ళమ్మ, కడప

సిస్టర్, నేను మీలాగే మేనరికం. మా మామయ్యనే చేసుకున్నాను. నా సంగతి చెప్తే భయపడతారేమో అని ఆలోచించి, చెప్పడమే మంచిదనిపించి రాస్తున్నా.

మా పెద్దబాబు పుట్టినప్పుడు బాగున్నాడు. తర్వాత పాలు తాగడం తగ్గించాడు, మగతగా పడుకునేవాడు, ఒళ్ళు బిగుసుకునేది. మూత్రం, తల అంతా మెంతుల వాసన, మాడిన చక్కెర లాంటి తియ్యటి వాసన. బాలింతనని నాకు రోజూ మెంతులు పెడుతున్నారు కాబట్టి ఆ వాసనే అని ఇంట్లో అందరూ, నర్సమ్మతో సహా అన్నారు. ఇన్ఫెక్షన్ అని చేర్చుకున్నారు, వారం తిరక్కుండానే పోయాడు. ఏమైందో ఎవరూ చెప్పలేదు.

పాప కడుపులో ఉన్నప్పుడు ఒక డాక్టరమ్మ మొదటి బిడ్డ సంగతి అంతా అడిగి, వాసన గురించి చెప్పగానే ఆగిపోయింది. పాప పుట్టిన వెంటనే రక్తం, యూరిన్ రెండూ పంపించారు, రెండింట్లోనూ దొరికింది. ఎంఎస్‌యూడీ అంటారు, ల్యూసిన్ లాంటి మూడు అమైనో ఆమ్లాలు ఒంట్లో విరగవు. ఇప్పుడు పాప బడికి వెళ్తోంది. అన్నం, పప్పు అన్నీ తూచి పెట్టాలి, ప్రత్యేకమైన పాలపొడి వాడాలి, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. కష్టమే. కానీ నా కూతురు ఉంది.

నేను చెప్పదలుచుకుంది రెండు మాటలు. మేనరికం అయి ఉండి ముందు బిడ్డ కారణం తెలీకుండా పోయి ఉంటే, కాన్పుకి ముందే పిల్లల డాక్టర్‌కి చెప్పండి, ఎంత సిగ్గనిపించినా, అత్తింటివాళ్ళు వద్దన్నా చెప్పండి. ఇద్దరిలోనూ ఇలాంటి లోపపు జన్యువు ఉన్న దంపతులకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందట, మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదని లెక్క లేదు. రెండోది, ఆ డాక్టరమ్మే చెప్పింది, బిడ్డ దక్కడేమో అన్నంత పరిస్థితిలో కూడా నాలుగు చుక్కల రక్తం కాగితం మీద, కొంచెం యూరిన్ ఫ్రీజర్‌లో దాచి ఉంచితే తర్వాతైనా ఏంటో తెలుస్తుందని. మా పెద్దబాబుకి అది కూడా ఎవరూ చేయలేదు. ఇది చదివే ఏ తల్లికైనా, ఏ నర్సుకైనా గుర్తుండాలనే రాశా.

మీ బాబు పాలు బాగా తాగుతున్నాడు, గట్టిగా ఏడుస్తున్నాడు అన్నారు చూడండి, ఆ మాట చదివి నాకు ఊరట అనిపించింది. టెస్టులు మాత్రం ఆపొద్దు.

మెటబాలిక్ ల్యాబ్, హైదరాబాద్

అక్కా, మీరు రాసినందుకు చాలా థాంక్స్. మెంతుల మాట నిజంగా ముఖ్యం. ఆ జబ్బులో వాసననిచ్చే పదార్థం, మెంతుల్లో వాసననిచ్చే పదార్థం ఒకటే. తల్లి మెంతులు తింటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దగ్గర కూడా ఆ వాసన రావచ్చు, అలా అనవసరంగా కంగారుపడి పరీక్షలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి వాసన ఉంటే మెంతులు తిన్న సంగతి డాక్టర్‌కి చెప్పండి, కానీ బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోతే మెంతులని సర్దిచెప్పుకోవద్దు, శాంపిల్ పంపాల్సిందే.

డాలస్ నాన్న

టెక్సస్‌లో మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు కాబట్టి ఇక్కడి పద్ధతి చెప్తున్నా. మమ్మల్ని ప్యాకేజీ కావాలా అని ఎవరూ అడగలేదు, ఆసుపత్రిలోనే పుట్టిన రెండో రోజుకల్లా మడమ రక్తం తీసేశారు, మళ్ళీ ఒకటి రెండు వారాల మధ్య పిల్లల డాక్టర్ దగ్గర రెండోసారి తీశారు. ఈ రాష్ట్రంలో రెండుసార్లు తీయడం రూలు. యూరిన్ ప్రస్తావనే రాలేదు. మా చిన్నదానికి మొదటిసారి ఏదో అంకె ఎక్కువుందని ఫోన్ చేశారు, రెండో శాంపిల్‌లో నార్మల్ వచ్చింది. ఆ మధ్యలో గడిచిన రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి మీకు ధైర్యం చెప్పాలనిపించింది. మన దగ్గర కూడా ఏ తల్లీ అడిగి, డబ్బు కట్టి, వాదించి చేయించుకోవాల్సిన పని లేకుండా ప్రతి బిడ్డకీ ఇలా జరగాలి. ఇంటి దగ్గర మా చెల్లి కాన్పుకి మేమే ఫోన్ చేసి గుర్తుచేయాల్సి వచ్చింది.

కొత్త నాన్న, వరంగల్

ఒక డౌట్ అండీ. మాకు వచ్చే నెల డెలివరీ. ఇదంతా చదివాక, మడమ రక్తం ఎలాగూ చేయిస్తాం, దానితో పాటు యూరిన్ కూడా చేయిస్తే మంచిదే కదా? ఎన్ని ఎక్కువ జబ్బులు చూస్తే అంత మంచిది అనిపిస్తుంది. మాది మేనరికం కాదు, ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు.

మెటబాలిక్ ల్యాబ్, హైదరాబాద్

రెండూ చేయించే చోట్లు ఉన్నాయి. కెనడాలోని క్విబెక్‌లో 1970ల మొదటి నుంచీ బిడ్డకి మూడు వారాలు వచ్చాక తల్లిదండ్రులే ఫిల్టర్ పేపర్ మీద మూత్రం పట్టి పోస్టులో పంపుతున్నారు, ఆ కార్యక్రమం పేరున్నది. గమనించాల్సింది, అక్కడ మడమ రక్తం మానలేదు, మానకుండా దాని పైన ఇది.

ఎక్కువ చూస్తే ఎక్కువ మంచిది అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. జపాన్‌లో 1980ల మధ్య నుంచి ఆరు నెలల పిల్లలందరి మూత్రం పరీక్షించి న్యూరోబ్లాస్టోమా అనే కణితిని ముందే పట్టుకోవాలని చూశారు. ఇది జీవక్రియ లోపం కాదు, కానీ మనకి పనికొచ్చే పాఠం. కేసులు చాలా దొరికాయి, పిల్లలకి ఆపరేషన్లు, మందులు జరిగాయి, తీరా చూస్తే దొరికినవాటిలో చాలా వాటంతటవే తగ్గిపోయే రకం. 2004 నాటికి ఆ పరీక్ష ఆపేశారు. మూత్రంలో కనపడినంత మాత్రాన బిడ్డకి మేలు జరిగినట్టు కాదు, అది తెలిసినందువల్ల చేయగలిగింది ఏదైనా ఉండాలి.

మీ విషయంలో చెప్పాలంటే డబ్బు పరిమితంగా ఉంటే మొదట రక్తంలో థైరాయిడ్, అడ్రినల్, జీ6పీడీ, గాలక్టోసీమియా (పాలల్లోని చక్కెర విరగని లోపం), బయోటినిడేజ్, వీలైతే టాండెమ్ మాస్. ఈ యూరిన్ పరీక్ష (ఆర్గానిక్ యాసిడ్స్ పరీక్ష అంటారు) అసలు విలువ బిడ్డకి ఒంట్లో బాగోనప్పుడు, లేదా రక్తంలో ఏదో అనుమానం వచ్చినప్పుడు, లేదా ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నప్పుడు. అప్పుడు దానికి సాటి లేదు, ఏ దారిలో ఏ మెట్టు ఆగిందో అదే చూపిస్తుంది.

పిల్లల డాక్టర్, రాజమండ్రి

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, కాబట్టి కొంచెం పొడిపొడిగా ఉంటుంది. తెనాలి అమ్మాయి గారూ, పాలు ఆపొద్దని ల్యాబ్ ఆయన చెప్పింది సరైనది. ఈ పరీక్షలు రెండు మూడు రోజుల్లో చేయించండి, హైదరాబాద్ పరుగెత్తాల్సిన అవసరం ఇప్పటికి లేదు, గుంటూరు, విజయవాడల్లో శాంపిల్ తీసి పంపిస్తారు. కానీ ఈలోపు బాబు పాలు తాగడం మానేసినా, పదేపదే వాంతులు అవుతున్నా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా, లోతుగా తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా రాత్రి పగలు చూడకుండా ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఉన్న ఆసుపత్రికి వెళ్ళి ఈ రిపోర్ట్ చేతిలో పెట్టండి. యూరిన్‌లో ఈ యాసిడ్ ఎక్కువ వచ్చింది అన్న ఒక్క మాట చెప్తే వాళ్ళు ముందు షుగర్, అమ్మోనియా, బ్లడ్ గ్యాస్ చూస్తారు, వైద్యం మొదలుపెట్టేముందు మళ్ళీ యూరిన్ పట్టి పెడతారు. ఆ స్థితిలో బి12 ఇంజెక్షన్ కోసం ఏ రిపోర్టూ రానక్కర్లేదు.

బి12 లోపాన్ని కూడా చిన్నదిగా తీసుకోవద్దు. గట్టి ఆహారం పెట్టకుండా తల్లి పాల మీదే ఏడాది దాకా ఉంచిన పిల్లలు, తల్లికీ బి12 లేక, రక్తహీనతతో, వేళ్ళ కణుపులు నల్లబడి, నేర్చుకున్న నవ్వు కూడా మర్చిపోయి, చేతులు వణుకుతూ మా దగ్గరికి వస్తారు. అది పూర్తిగా ఆపగలిగిన జబ్బు. మీ రిపోర్ట్ అదే చెప్తోందని తేలితే ఈ యూరిన్ పరీక్ష మీకు మేలే చేసినట్టు.

ఒకవేళ జన్యులోపం అని తేలినా దారులు లేకపోలేదు. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే జన్యు పరీక్షల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి, మిథైల్‌మలోనిక్ యాసిడ్ పేరుకునే జన్యులోపం, ఎంఎస్‌యూడీ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి, అర్హత ఉన్న పిల్లలకి 50 లక్షల వరకు సాయం ఉంటుంది. కడప అమ్మ గారూ, మీరు ఇప్పటికే నమోదు చేసుకోకపోతే అక్కడ అడగండి.

తెనాలి అమ్మాయి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. కడప అక్కా, మీ పోస్ట్ మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను, మా నాయనమ్మ ఇంక ఏమీ అనలేదు, తనే దగ్గరుండి ఆసుపత్రికి వచ్చింది.

గుంటూరులో చూపించాం. బాబుకి అమ్మోనియా, బ్లడ్ గ్యాస్ నార్మల్. టీఎస్‌హెచ్ నార్మల్. బాబు బి12 తక్కువ, నాది ఇంకా తక్కువ. హోమోసిస్టీన్ ఇద్దరికీ కొంచెం ఎక్కువ. టాండెమ్ మాస్‌లో సీ3 కొద్దిగా ఎక్కువ ఉంది, మిగతా అన్నీ మామూలే. డాక్టర్ గారు లోపం నా దగ్గర నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు అన్నారు, శాంపిళ్ళు ఇచ్చాక ఇద్దరికీ బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, పాలు అలాగే ఇవ్వమన్నారు. కొన్ని వారాలాగి యూరిన్, హోమోసిస్టీన్ మళ్ళీ చూస్తారట, తగ్గకపోతే జన్యు పరీక్షకి పంపిస్తానన్నారు.

ఈసారి యూరిన్ ఇంటి దగ్గరే పట్టాలి. కిందటిసారి కాగితం డైపర్‌లోనే పెట్టి, తర్వాత ఎండలో ఆరబెట్టాం, అలాగే చేయొచ్చా?

మెటబాలిక్ ల్యాబ్, హైదరాబాద్

రిపోర్టులు విని సంతోషం అనిపించింది. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, నీడలో గాలి తగిలేలా ఆరనివ్వండి, పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టండి. డైపర్‌లో ఉండే జెల్ కాగితానికి అంటకూడదు, ఆ పూటకి మెత్తటి పాత నూలు గుడ్డ కట్టి దాని మీద కాగితం పెట్టండి. ముందు నీళ్ళతో కడిగి తుడవండి, పౌడర్, నూనె రాయకండి, మలం అంటితే ఆ కాగితం పారేసి కొత్తది పెట్టండి. టీకా వేయించి పారాసిటమాల్ చుక్కలు వేసిన రోజైతే ఒకటి రెండు రోజులు ఆగండి, లేదా ఫారం మీద ఆ మందు పేరు రాయండి. బి12 ఏ తేదీన మొదలుపెట్టారో కూడా ఫారం మీద రాయాలి, అది లేకపోతే అంకె తగ్గిందంటే ఎందుకు తగ్గిందో మాకు తెలీదు. వీలైతే మొదట చేసిన ల్యాబ్‌కే పంపండి, మూత్రం ఎంత చిక్కగా ఉందో సరిచూసుకోవడానికి వాడే క్రియాటినిన్ లెక్క పసిపిల్లల్లో ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ తేడా వస్తుంది, పాత రిపోర్ట్ జిరాక్స్ ఒకటి కవర్లో పెట్టండి.